రీట్రై కొడితే పేలిపోతుంది: ఫ్యాక్టరీ బర్నర్‌కి కాపలా కాసే సిస్టమ్ కథ

బోయిగూడ నుంచి మాట్లాడుతున్నాను. వీడియో చూసే టైమ్ లేనివాళ్లు, బస్సులో ఇయర్‌ఫోన్స్ మర్చిపోయినవాళ్లు, డేటా అయిపోయినవాళ్లు చదువుకోవడానికి ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిందంతా ఇక్కడ పెడుతున్నాం.

బోయిగూడ అనగానే చాలామందికి రెండు గుర్తొస్తాయి. ఒకటి, సికింద్రాబాద్ స్టేషన్‌కి పదో నంబర్ ప్లాట్‌ఫామ్ వైపు ఉన్న గేటు. రెండోది, 2022 మార్చి 23 తెల్లవారుజామున ఇక్కడి స్క్రాప్ గోడౌన్‌లో జరిగిన అగ్నిప్రమాదం. బీహార్ నుంచి పని కోసం వచ్చి పైఅంతస్తులో పడుకున్న పదకొండు మంది చనిపోయారు. ఒక్కడే బయటపడ్డాడు. ఆ రోడ్డు మీద నడిచిన ప్రతిసారీ నాకు అది గుర్తొస్తుంది.

అది ఎవరూ కోరుకోని మంట. ఈ రోజు మాట్లాడేది వేరే రకం మంట గురించి. మనమే కావాలని వెలిగించే మంట. మందుల కంపెనీలో, డైయింగ్ యూనిట్‌లో, బిస్కెట్ ఫ్యాక్టరీలో, ఆసుపత్రి లాండ్రీలో, పవర్ ప్లాంట్‌లో రోజూ వెలిగే మంట. జీడిమెట్ల, పటాన్‌చెరు, నాచారం వైపు పొగ గొట్టం కనిపిస్తే దాని కింద ఎక్కడో ఒక బర్నర్ ఉన్నట్టే. ఆ బర్నర్ పక్కన ఒక చిన్న పెట్టె ఉంటుంది. దాన్ని బర్నర్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు, పొట్టిగా బీఎంఎస్. దాని పని ఏంటంటే, మంట వెలగడానికి పర్మిషన్ ఇవ్వడం, అనుమానం వస్తే ఆ పర్మిషన్ వెనక్కి తీసుకోవడం. అంతే.

నేను చదివింది బీటెక్, చేసింది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బాయిలర్ల గురించి నాకెందుకు అని మీరు అడగొచ్చు. మా చిన్నాయన బాయిలర్ ఆపరేటర్. ఆయన ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలిన మచ్చ ఉంది. ఆ మచ్చ ఎలా వచ్చిందో చివర్లో చెప్తాను. ముందు సబ్జెక్ట్ అర్థం కావాలి, అప్పుడే ఆ కథ అర్థమవుతుంది.

ముందు మన వంటింట్లోకి వెళ్దాం

గ్యాస్ స్టవ్ నాబ్ తిప్పారు. లైటర్ కొట్టారు, వెలగలేదు. మళ్లీ కొట్టారు, వెలగలేదు. నాలుగోసారికి "భుప్" అని పెద్ద మంట లేచి చేతి మీద వెంట్రుకలు కాలాయి. ఇది జరగని ఇల్లు ఉండదు. ఏమైంది అక్కడ? మొదటిసారి తిప్పినప్పటి నుంచి గ్యాస్ వస్తూనే ఉంది. అది గాలిలో కలుస్తూ ఉంది. నిప్పురవ్వ మాత్రం లేటుగా వచ్చింది. గ్యాస్ ముందు, నిప్పు తర్వాత. ఈ గ్యాప్ పేరే ప్రమాదం.

ఇంకో విషయం. గ్యాస్ ఉంటే చాలు పేలుతుందని అనుకుంటాం. కాదు. గాలిలో దాని శాతం ఒక రేంజ్‌లో ఉండాలి. ఎల్‌పీజీకి ఆ రేంజ్ సుమారు 2 నుంచి 9.5 శాతం. పైపుల్లో వచ్చే సహజ వాయువుకి, అంటే ముఖ్యంగా మీథేన్‌కి, సుమారు 5 నుంచి 15 శాతం. అంతకంటే తక్కువైతే అంటుకోదు. ఎక్కువైతే గాలి చాలక అంటుకోదు. మధ్యలో ఉంటే మాత్రం ఒక్క రవ్వ చాలు. ఈ రేంజ్‌ని గుర్తు పెట్టుకోండి, తర్వాత చాలా పని ఉంది దీంతో.

ఇలా గ్యాస్ ముందు, నిప్పు తర్వాత వస్తే ఎంత దూరం వెళ్తుందో మన కోనసీమ చూసింది. 2014 జూన్ 27, తూర్పు గోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామం. గెయిల్ పైప్‌లైన్ నుంచి గ్యాస్ లీకై తెల్లవారుజామున ఊరి మీద పరుచుకుంది. అప్పటికి మంట లేదు. పొద్దున్నే టీ కొట్టులో పొయ్యి వెలిగించడంతో అది అంటుకుందని అప్పట్లో వార్తల్లో వచ్చింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. కొబ్బరి చెట్లు నిలబడి ఉన్నట్టే మాడిపోయాయి. అక్కడ బర్నర్ లేదు, ఫర్నేస్ లేదు. కానీ సూత్రం ఇదే.

ఇప్పుడు అదే గ్యాస్‌ని ఇనుప డబ్బాలో పెడదాం

ఒక లెక్క వేద్దాం. భయపడకండి, పదో తరగతి లెక్కే.

గంటకు ఒకటిన్నర టన్నుల ఆవిరి ఇచ్చే బాయిలర్ తీసుకుందాం. చిన్న ఫ్యాక్టరీల్లో మామూలుగా కనిపించే సైజే. దానికి సుమారు 1 మెగావాట్ బర్నర్ కావాలి. ఎల్‌పీజీ కిలోకి సుమారు 46 మెగాజౌల్స్ వేడి ఇస్తుంది. అంటే ఆ బర్నర్ సెకనుకి దాదాపు 22 గ్రాముల గ్యాస్ తాగుతుంది. బాయిలర్ లోపల మంట, పొగ తిరిగే ఖాళీ 2 ఘనపు మీటర్లు అనుకుందాం. అందులో 2 శాతం అంటే 40 లీటర్ల గ్యాస్. బరువులో చూస్తే సుమారు 85 గ్రాములు.

85ని 22తో భాగించండి. నాలుగు సెకన్లు.

అంటే ఫుల్ ఫ్లోలో గ్యాస్ తెరిచి, మంట అంటుకోకపోతే, నాలుగు సెకన్లలో ఆ డబ్బా మొత్తం పేలే స్థాయికి చేరుకుంటుంది. ఫ్యాన్ కొంత బయటికి తోసేస్తుంది కదా అంటారు. నిజమే. కానీ సేఫ్టీ లెక్క ఎప్పుడూ చెడ్డ రోజుని ఊహించుకుని వేయాలి. మీ ఇంట్లో స్టవ్ మీద ఒక బర్నర్ దాదాపు అరగంట సేపు నిదానంగా కాల్చే గ్యాస్ అది. అదంతా మూసి ఉన్న ఇనుప డబ్బాలో రెప్పపాటులో కాలిపోతే ఏమవుతుంది?

బాగా బిగించిన పాత్రలో గ్యాస్, గాలి మిశ్రమం అంటుకుంటే ప్రెజర్ సుమారు 8 బార్ దాకా వెళ్లగలదు. ఇంత పెద్ద బాయిలర్ కదా, తట్టుకుంటుందిలే అనుకుంటాం. ఇక్కడే అందరూ పొరపడతారు. బాయిలర్‌లో నీళ్లు, ఆవిరి ఉండే వైపు చాలా గట్టిగా ఉంటుంది. మంట ఉండే వైపు, తలుపులు, పొగ గొట్టానికి వెళ్లే డక్ట్, ఇవి అంత గట్టిగా ఉండవు. పవర్ ప్లాంట్ల పెద్ద బాయిలర్ల ఫర్నేస్ గోడలకే అమెరికా ప్రమాణాల్లో చెప్పే డిజైన్ ప్రెజర్ 35 అంగుళాల నీటి మట్టం, అంటే 0.09 బార్ కూడా కాదు. 8 ఎక్కడ, 0.09 ఎక్కడ?

అందుకే ఈ రంగంలో పేలుడుని తట్టుకునే డబ్బా కట్టడం గురించి ఎక్కువ ఆలోచించరు. పేలుడు పుట్టే అవకాశమే ఇవ్వకూడదు అని ఆలోచిస్తారు. ఆ ఆలోచనే బీఎంఎస్.

పెట్టె లోపల ఏం జరుగుతుంది

కోడింగ్ తెలిసినవాళ్లకి ఒక్క మాటలో చెప్తాను, ఇది ఒక స్టేట్ మెషీన్. తెలియనివాళ్లకి, ఇది గుడిలో క్యూ లాంటిది. ఒక గేటు దాటకుండా రెండోది తెరుచుకోదు. ఎక్కడ తేడా వచ్చినా మళ్లీ మొదటికి.

మొదటి గేటు, చెకింగ్. గ్యాస్ ప్రెజర్ మరీ తక్కువ లేదు కదా, మరీ ఎక్కువ లేదు కదా? గ్యాస్ వాల్వులు మూసే ఉన్నాయా? బాయిలర్‌లో నీళ్లు ఉన్నాయా? ఇక్కడ నాకు బాగా నచ్చిన చెక్ ఒకటి ఉంది. ఇంకా మంట వెలిగించలేదు కాబట్టి ఫ్లేమ్ సెన్సర్ "మంట లేదు" అనాలి. "మంట ఉంది" అంటే ఆ సెన్సర్ అబద్ధం చెప్తున్నట్టు. వెంటనే ఆపేస్తుంది. అలాగే ఫ్యాన్ ఇంకా తిరగలేదు, అయినా గాలి స్విచ్ "గాలి వస్తోంది" అంటే దాన్ని ఎవరో వైరుతో కలిపేశారని అర్థం. అక్కడా ఆపేస్తుంది. పరీక్షకి ముందే జవాబు చెప్పేవాడిని నమ్మకూడదు కదా.

రెండో గేటు, పర్జ్. అంటే ఊడ్చెయ్యడం. ఫ్యాన్‌తో లోపలి గాలిని బయటికి తోసేసి కొత్త గాలి నింపడం. ఎన్నిసార్లు? ఫైర్‌ట్యూబ్ బాయిలర్లకి కనీసం నాలుగు సార్లు లోపలి గాలి మొత్తం మారాలని, ఒకే బర్నర్ ఉన్న వాటర్‌ట్యూబ్ బాయిలర్లకి ఎనిమిది సార్లు మారాలని ఎన్‌ఎఫ్‌పీఏ 85 అనే ప్రమాణం చెప్తుంది.

నాలుగే ఎందుకు? గాలి బాగా కలుస్తూ బయటికి పోతుంటే, ఒకసారి మారేటప్పటికి పాతది 37 శాతం మిగులుతుంది. లోపల 25 శాతం గ్యాస్ నిండి ఉందనుకోండి. ఒకసారి మారితే 9.2 శాతం. రెండోసారికి 3.4. మూడోసారికి 1.25. నాలుగోసారికి 0.46. ఎల్‌పీజీ అంటుకోవడానికి కావాల్సిన 2 శాతంలో నాలుగో వంతు కంటే తక్కువ. ఇప్పుడు సేఫ్.

ఆ నంబర్లు ఇంకోసారి చూడండి. 25 శాతం దగ్గర అది అంటుకోదు, గాలి చాలదు. కానీ 9.2, 3.4 దగ్గర? రెండూ పేలే రేంజ్‌లోనే ఉన్నాయి! అంటే పర్జ్ సగంలో ఆపితే, అసలు చేయకపోవడం కంటే ప్రమాదం. "లేట్ అవుతోంది, పర్జ్ టైమర్ తగ్గించు" అనే సూపర్‌వైజర్‌కి ఈ నాలుగు నంబర్లు రాసి చూపించాలి.

ఇక్కడ కోడ్ రాసేవాళ్లకి ఒక పాఠం. పర్జ్ టైమర్ ఎప్పుడు మొదలవ్వాలి? ఫ్యాన్‌కి "ఆన్" అని చెప్పినప్పుడా? కాదు. గాలి నిజంగా వస్తోందని స్విచ్ చెప్పినప్పుడు. బెల్ట్ తెగితే మోటర్ తిరుగుతుంది, ఫ్యాన్ తిరగదు. కమాండ్ ఇచ్చాం కాబట్టి పని అయిపోయింది అనుకోవడం మన సాఫ్ట్‌వేర్ వాళ్ల పాత జబ్బు.

మూడో గేటు, పైలట్. ఒక చిన్న మంట. స్పార్క్ వస్తుంది, కొంచెం గ్యాస్ వస్తుంది. అమెరికా పద్ధతిలో పైలట్ వెలగడానికి 10 సెకన్ల గడువు మామూలు. యూరప్ కంట్రోలర్లలో ఇది ఇంకా తక్కువ, కొన్నింట్లో రెండు మూడు సెకన్లే. ఆ లోపు మంట కనపడకపోతే గ్యాస్ బంద్.

నాలుగో గేటు, మెయిన్ బర్నర్. పైలట్ మంట ఉందని రుజువయ్యాకే పెద్ద వాల్వ్ తెరుచుకుంటుంది. అది కూడా తక్కువ ఫ్లోలో. ఇప్పుడు మన నాలుగు సెకన్ల లెక్క గుర్తు తెచ్చుకోండి. ఫ్లో తక్కువ పెడితే ఆ నాలుగు సెకన్లు పదో పదిహేనో అవుతాయి. గడువు ఐదు సెకన్లు పెడితే మధ్యలో మనకి మార్జిన్ దొరుకుతుంది. ఈ సెకన్లు ఎవరో గాల్లోంచి తీసుకురాలేదు, ఆ డబ్బా సైజులోంచి వచ్చాయి.

ఐదోది, రన్. ఇక వెలుగుతూ ఉంటుంది. కానీ కాపలా ఆగదు. మంట ఆరిపోతే నాలుగు సెకన్లలోపు సిస్టమ్ గుర్తుపట్టి గ్యాస్ ఆపాలి.

మంటని చూసే కన్ను

మంట ఉందో లేదో మెషీన్‌కి ఎలా తెలుస్తుంది? గ్యాస్ గీజర్‌లో, కొన్ని కొత్త స్టవ్‌లలో మంటలోకి పొడుచుకుని ఉండే ఒక చిన్న పుల్ల చూసి ఉంటారు. అది థర్మోకపుల్. వేడికి చిన్న కరెంట్ ఇస్తుంది, ఆ కరెంట్ వాల్వ్‌ని పట్టుకుంటుంది. మంట ఆరితే చల్లబడి వాల్వ్ మూసుకుంటుంది. కానీ చల్లబడడానికి పదుల సెకన్లు పడుతుంది. వంటింట్లో పర్లేదు. మెగావాట్ బర్నర్‌కి కుదరదు.

పెద్దవాటిలో ఒక పద్ధతి ఫ్లేమ్ రాడ్. మంట గుండా కరెంట్ వెళ్తుంది, ఎందుకంటే మంటలో అయాన్లు ఉంటాయి. రాడ్‌కి ఏసీ కరెంట్ ఇస్తే, మంట దాన్ని ఒక వైపుకే ఎక్కువ పోనిస్తుంది. అటు వైపు నుంచి మైక్రోయాంపుల్లో డీసీ వస్తుంది. దీని అందం ఏంటంటే, ఎవరైనా వైరు షార్ట్ చేస్తే కరెంట్ రెండు వైపులా సమానంగా పోతుంది, డీసీ రాదు. కంట్రోలర్‌కి తెలిసిపోతుంది. వైరు ముక్కతో మోసం చేయలేని సెన్సర్ అన్నమాట.

ఇంకో పద్ధతి యూవీ కన్ను. మంట నుంచి వచ్చే అల్ట్రావయొలెట్ కాంతిని చూస్తుంది. మంచిదే, కానీ ట్యూబ్ పాతబడితే మంట లేకపోయినా "ఉంది" అనే జబ్బు రావొచ్చు. ఇది చాలా ప్రమాదం. అందుకే రోజుల తరబడి ఆగకుండా నడిచే బర్నర్లకి షటర్ ఉన్న మోడల్ వాడతారు. కొన్ని సెకన్లకోసారి షటర్ కన్ను మూస్తుంది. కన్ను మూసినప్పుడు కూడా "మంట ఉంది" అంటే దొరికిపోయినట్టే. షటర్ లేనివాటిని యూరప్ ప్రమాణాల ప్రకారం 24 గంటల్లో ఒక్కసారైనా ఆపి మళ్లీ స్టార్ట్ చేయాలి. మొదటి గేటు దగ్గర అబద్ధం బయటపడుతుంది కాబట్టి.

ఒక తాళం చాలదు

గ్యాస్ ఆపాలంటే వాల్వ్ మూయాలి. ఆ వాల్వ్ కరెంట్ ఉంటేనే తెరుచుకుంటుంది, కరెంట్ పోతే లోపలి స్ప్రింగ్ తనంతట తానే మూసేస్తుంది. మనవాళ్లకి కరెంట్ కోతలు కొత్త కాదు కదా. కోత వచ్చిందంటే గ్యాస్ ఆగిపోతుంది, అంతే. వైరు తెగినా, ఫ్యూజ్ పోయినా, కంట్రోలర్ చచ్చిపోయినా ఫలితం ఒకటే. దీన్ని ఫెయిల్ సేఫ్ అంటారు. చెడిపోవడం ఎలాగూ తప్పదు. చెడిపోయినప్పుడు ఏ వైపుకి పడిపోవాలో మనం ముందే నిర్ణయిస్తాం.

కానీ వాల్వ్ మధ్యలో చెత్త ఇరుక్కుని పూర్తిగా మూయకపోతే? అందుకే వరుసగా రెండు వాల్వులు పెడతారు. ఒక్కో వాల్వ్ వందసార్లలో ఒకసారి ఫెయిలవుతుందనుకుంటే, రెండూ ఒకేసారి ఫెయిలయ్యే అవకాశం పదివేలలో ఒకటి. కానీ ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. రెండింటికీ ఒకే పైపులో ఒకే చెత్త వస్తే? అప్పుడు పదివేలు అనే నంబర్ అబద్ధం. కాబట్టి ముందు ఒక ఫిల్టర్ ఉండాలి, దాన్ని ఎవరో ఒకరు శుభ్రం చేయాలి. ఎంత గొప్ప సిస్టమ్ అయినా చివరికి చేత్తో ఫిల్టర్ విప్పే మనిషి దగ్గరికే వచ్చి ఆగుతుంది.

బాయిలర్ ఆగి ఉంటే ప్రమాదం లేదని కూడా అనుకోవద్దు. 1999 ఫిబ్రవరి 1న అమెరికాలో డియర్‌బోర్న్‌లోని ఫోర్డ్ రూజ్ కాంప్లెక్స్ పవర్‌హౌస్‌లో మెయింటెనెన్స్ కోసం ఆపుతున్న బాయిలర్ ఫర్నేస్‌లోకి సహజ వాయువు చేరి పేలింది. ఆరుగురు కార్మికులు చనిపోయారు. నడిచే బాయిలర్‌లో గ్యాస్ వచ్చినట్టే కాలిపోతుంది. ఆగిన బాయిలర్‌లో వచ్చిన గ్యాస్ కూర్చుని ఎదురుచూస్తుంది. అందుకే రిపేర్‌కి ముందు వాల్వ్ మూస్తే చాలదు, పైపు మధ్యలో ఇనుప బిళ్ల బిగించి దారే లేకుండా చేయాలి.

మామూలు పీఎల్‌సీ పెట్టొచ్చా

కామెంట్లలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. "బ్రో, ఆర్డుయినో మీద రాసేస్తా, యాభై లైన్ల కోడ్." నిజమే, లాజిక్ యాభై లైన్లే. నేనూ ల్యాప్‌టాప్‌లో ఒక సిమ్యులేటర్ రాశాను, ఒక్క సాయంత్రం పట్టింది. కానీ సేఫ్టీ అంటే లాజిక్ కరెక్ట్‌గా ఉన్నప్పటి సంగతి కాదు, హార్డ్‌వేర్ చెడిపోయినప్పటి సంగతి. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ "ఆన్" దగ్గరే ఇరుక్కుపోతే? ప్రోగ్రామ్ హ్యాంగ్ అయితే? అందుకే దీనికి సర్టిఫై చేసిన కంట్రోలర్లు ఉంటాయి. లోపల రెండు సర్క్యూట్లు ఒకదాన్నొకటి చెక్ చేసుకుంటాయి. వాచ్‌డాగ్ అనే టైమర్ ఉంటుంది. "బతికే ఉన్నావా" అని అడుగుతూ ఉంటుంది, జవాబు రాకపోతే కరెంట్ తీసేస్తుంది.

ఈ నమ్మకాన్ని కొలవడానికి ఎస్‌ఐఎల్ అనే లెవెల్స్ ఉన్నాయి. ఎస్‌ఐఎల్ 2 అంటే అవసరమైనప్పుడు పనిచేయకపోయే అవకాశం వందలో ఒకటికీ వెయ్యిలో ఒకటికీ మధ్య. ఎస్‌ఐఎల్ 3 అంటే వెయ్యికీ పదివేలకీ మధ్య. పెద్ద ప్లాంట్లలో ఒకే కొలతకి మూడు సెన్సర్లు పెట్టి, ఇద్దరి మాట ఒకటైతే అదే నిజం అంటారు. మన పంచాయితీలాగే.

సేఫ్టీ అంటే అంతా కంప్యూటరే అని కూడా కాదు. మన సికింద్రాబాద్ స్టేషన్‌లో ఒకప్పుడు తిరిగిన ఆవిరి ఇంజన్లలో ఫ్యూజిబుల్ ప్లగ్ అని ఉండేది. నీళ్లు తగ్గితే అందులోని సీసం కరిగి, ఆవిరి నేరుగా మంట మీదికి వచ్చేది. కోడ్ లేదు, కరెంట్ లేదు. ఎవరి పర్మిషనూ అడగదు.

ఇప్పుడు మా చిన్నాయన కథ

అది ఒక చిన్న యూనిట్, పేరు చెప్పను. డీజిల్ బర్నర్. స్పార్క్ ఇచ్చే ఎలక్ట్రోడ్లు అరిగిపోయాయి. రోజుకి రెండుమూడు సార్లు బర్నర్ వెలగక లాకౌట్ అయ్యేది. లాకౌట్ అంటే సిస్టమ్ "నాకు అనుమానంగా ఉంది, మనిషి వచ్చి చూడాలి" అని ఆగిపోవడం. ఎర్ర లైటు వెలుగుతుంది, రీసెట్ బటన్ నొక్కితే తప్ప కదలదు. ప్రొడక్షన్ లేట్ అవుతోందని పర్జ్ టైమర్‌ని అంతకుముందే ఎవరో బాగా తగ్గించేశారు.

ఆ రోజు ఐదుసార్లు రీసెట్ కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ కొన్ని సెకన్లు డీజిల్ చిమ్మింది, వెలగలేదు. పర్జ్ ఆవిరిని తోసేస్తుంది, కానీ అడుగున తడిసిన డీజిల్‌ని తోయలేదు. వేడి ఇటుక మీద అది మెల్లగా ఆవిరవుతూ ఉంది. ఆరోసారి స్పార్క్ వచ్చింది. ముందు తలుపు ఊడి గోడకి కొట్టుకుంది. ఆయన పక్కకి నిలబడి ఉన్నాడు కాబట్టి చెయ్యి మాత్రమే కాలింది.

కొన్నేళ్ల తర్వాత నేను అడిగాను. "చిన్నాయనా, ఐదుసార్లు ఎందుకు కొట్టినవ్?"

"అరే బిడ్డా, రోజూ రెండోసారికో మూడోసారికో ఎలుగుతుండె. గా రోజు గూడ ఎలుగుతదనుకున్న. గా ఎర్ర లైటు నాకు కాలింగ్ బెల్ లెక్కనే అనిపించేది. ఆపుతే సారు తిడతడు."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే నా ఉద్యోగంలో నేను రాసిన కోడ్ అంతా అదే. పేమెంట్ ఫెయిలైందా, మళ్లీ ట్రై చెయ్. సర్వర్ పలకలేదా, రెండు సెకన్లు ఆగి మళ్లీ ట్రై చెయ్. మన ఫోన్‌లో ప్రతి యాప్‌లో "రీట్రై" అనే బటన్ ఉంటుంది. మన తరం వేళ్లకి అది అలవాటైపోయింది. ఫెయిలైన పేమెంట్ ఏ గదిలోనూ పేరుకుపోదు. కానీ బర్నర్‌లో ఫెయిలైన ప్రతి ప్రయత్నం లోపల కొంచెం ఇంధనం వదిలి వెళ్తుంది. అక్కడ రీట్రై అంటే మొదటి నుంచి మొదలుపెట్టడం కాదు, పాత తప్పు మీద కొత్త తప్పు పేర్చడం. అందుకే ఆ సిస్టమ్‌ని రాసినవాళ్లు రీసెట్‌ని మనిషి చేతికి ఇచ్చారు. నొక్కడానికి కాదు, నొక్కే ముందు ఆలోచించడానికి.

ఈ మధ్య బాయిలర్ ప్యానెల్‌ని ఫోన్‌కి కనెక్ట్ చేసి ఇంట్లోంచే చూసుకునే యాప్‌లు వస్తున్నాయి. చూసుకోండి, మంచిదే. ఇంట్లో కూర్చుని రీసెట్ మాత్రం నొక్కొద్దు. ఫర్నేస్ అడుగున తడి ఉందో లేదో మీ స్క్రీన్‌కి కనపడదు.

చట్టం ఏమంటుంది

మన దేశంలో బాయిలర్ చట్టాలకి మొదలు ఒక పేలుడే. 1863లో కలకత్తా దగ్గర బేలియాఘాటాలో బాయిలర్ పేలి ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది బెంగాల్‌లో చట్టం వచ్చింది. తర్వాత దేశం మొత్తానికి 1923 బాయిలర్ల చట్టం. దాని స్థానంలో ఇప్పుడు 2025 బాయిలర్ల చట్టం వచ్చింది. బాయిలర్ రిజిస్టర్ అవ్వాలి, ఇన్‌స్పెక్షన్ జరగాలి, నడిపేవాళ్లకి సర్టిఫికెట్ ఉండాలి.

కానీ ఈ చట్టం దృష్టి మొదటి నుంచి ఆవిరి మీద, ప్రెజర్ మీద ఉంది. మందుల కంపెనీల్లో ఎక్కువగా వాడే థర్మిక్ ఫ్లూయిడ్ హీటర్ తీసుకోండి. అందులో వేడెక్కేది నూనె, ఆవిరి పుట్టదు. బేకరీ ఓవెన్‌లో, పెయింట్ ఆరబెట్టే ఓవెన్‌లో కూడా ఆవిరి బాయిలర్ లేదు. బర్నర్ మాత్రం అదే, పేలుడూ అదే. కాబట్టి "మాకు బాయిలర్ ఇన్‌స్పెక్షన్ అయిపోయింది" అంటే బర్నర్ సేఫ్ అని అర్థం కాదు. రెండూ వేరు.

మీరు చేయగలిగింది

మీలో చాలామంది ఫ్యాక్టరీలో పనిచేయరు, నాకు తెలుసు. కానీ మీ నాన్నో, అన్నో, మామయ్యో పనిచేస్తుండొచ్చు. డిప్లొమా అయ్యి మీరే రేపు మెయింటెనెన్స్‌లో చేరొచ్చు. వాళ్లని ఈ ఐదు ప్రశ్నలు అడగండి.

ఒకటి, బర్నర్ లాకౌట్ అయితే ఎన్నిసార్లు రీసెట్ కొడతారు? రెండోసారి కూడా వెలగకపోతే ఆపి కారణం వెతకాలి.

రెండు, ప్యానెల్ లోపల ఎక్కడైనా జంపర్ వైరు ఉందా? ఉంటే ఎవరు పెట్టారు, ఎప్పుడు తీస్తారు?

మూడు, పర్జ్ ఎన్ని సెకన్లు? మెషీన్‌తో వచ్చిన మాన్యువల్‌లో ఎన్ని సెకన్లు? రెండూ ఒకటేనా?

నాలుగు, ఫ్లేమ్ సెన్సర్ పనిచేస్తోందో లేదో చివరిసారి ఎప్పుడు టెస్ట్ చేశారు? నడుస్తున్నప్పుడు ఆ సెన్సర్‌ని పద్ధతి ప్రకారం బయటికి తీస్తే బర్నర్ కొన్ని సెకన్లలో ఆగిపోవాలి. ఈ టెస్ట్ తెలిసిన టెక్నీషియనే చేయాలి, మీరు వీడియో చూసి చేయొద్దు.

ఐదు, స్టార్ట్ చేసేటప్పుడు ఎక్కడ నిలబడతారు? తలుపు ఎదురుగా మాత్రం నిలబడొద్దు. మా చిన్నాయన ఇప్పుడు మాతో ఉన్నాడంటే ఆ రోజు రెండడుగులు పక్కకి ఉండటమే కారణం.

ఇప్పుడు ఆయన బాయిలర్ పని మానేశాడు, చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాడు. ఈ ఎపిసోడ్ రికార్డ్ చేసే ముందు చెయ్యి చూపించొచ్చా అని అడిగాను. "చెయ్యి ఎందుకురా, గా బటన్ గురించి చెప్పు" అన్నాడు. చెప్పాను.

మీ ఇంట్లో ఎవరైనా బాయిలర్ దగ్గర పనిచేస్తుంటే ఈ లింక్ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. వాళ్ల అనుభవాలు కామెంట్‌లో రాయండి, కంపెనీ పేరు అక్కర్లేదు. ఎక్కడైనా తప్పు చెప్పి ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి, వచ్చే ఎపిసోడ్‌లో సరిచేస్తాను. ఉంటాను ఫ్రెండ్స్, జాగ్రత్త.